అత్తగారి ముక్కూ, నా చాట్ మసాలా సీసా

పెళ్లయి కంచరపాలెం వచ్చిన కొత్తలో నన్ను ఇబ్బంది పెట్టినది పట్టాల మీద రైళ్ల చప్పుడు కాదు, మా అత్తగారి ముక్కు. ఆవిడది ఆనందపురం అవతల కూరగాయలు పండించే ఊరు. ముందుగదిలో కూర్చుని, వంటింట్లో ఆవాలు చిటపటలాడకముందే "మంట తగ్గించు" అనేది. పప్పులో ఉప్పు తక్కువైతే రుచి చూడకుండా వాసనతోనే చెప్పేది. మాది తణుకు వైపు. అలవాటు కొద్దీ "అత్తయ్యగారూ" అని పిలిస్తే నవ్వేది. "గారేటి పిల్లా, నానేమైనా కలెక్టర్నా?" అనేది. అయినా నేను మానలేదు.

మా ఆయన పోర్టులో క్రేన్ నడుపుతారు. మేడ మీద వాటాలో కాన్పూరు నుంచి వచ్చిన కుటుంబం అద్దెకుండేది. ఆ ఇంటాయన స్టీలుప్లాంటులో వెల్డరు. ఆయన భార్య ఒకరోజు కీరాదోస ముక్కల మీద ఏదో పొడి చల్లి పళ్లెంలో తెచ్చింది. పుల్లగా, ఉప్పగా, వెనక ఎక్కడో మిరియం ఘాటు. రెండో రోజు నేనే అడిగి చిన్న సీసాలో పోయించుకున్నాను. వేయించిన జీలకర్ర, ధనియాలు, మిరియాలు, వాము, ఇంగువ, ఎండిన మామిడి పొడి, నల్ల ఉప్పు. చాట్ మసాలా అట, అన్నీ కలిపి తనే దంచుకుంటానంది.

మా అత్తగారు మూత తీసి, వెంటనే పెట్టేసింది.

"ఏటిది? కుళ్లిపోయిన గుడ్డు కంపు. నా వంటింట్లో ఇది ఉండడానికి లేదు."

ఆ కంపు నల్ల ఉప్పుది. చెప్పినా వినలేదు. సీసా వెనక వరండాలో కిటికీ గట్టు మీదికి వెళ్లింది. జామకాయో, మామిడికాయో కోసుకుంటే అక్కడే నిలబడి చల్లుకుని తినేదాన్ని. మా ఆయన మాత్రం వాళ్లమ్మ చూడకుండా కేరేజీలో బెండకాయ వేపుడు మీద చల్లించుకునేవారు.

మూడేళ్ల కిందట మా వీధిలో ఇంటింటా జ్వరాలొచ్చాయి. మా ఇంట్లో అందరికీ తగ్గింది, అత్తగారికీ తగ్గింది. కానీ ఆవిడకి వాసన పోయింది. మొదట మాకు చెప్పలేదు. చారులో ఇంగువ నాలుగింతలు పడుతుంటే జ్వరం నీరసమేమో అనుకున్నాం. ఒక ఉదయం నేను బట్టలారేసి లోపలికొచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. పప్పు గిన్నె నల్లగా అయిపోయి ఉంది. ఆవిడ దాని పక్కనే నిలబడి కొత్తిమీర వలుస్తోంది.

పరుగున వెళ్లి పొయ్యి కట్టేశాను. గిన్నె వైపు చూసి, నా వైపు చూసింది.

"నాకేటీ తెలవట్లేదే," అంది. "పది రోజులయింది. ఏటి తిన్నా మట్టి తిన్నట్టే ఉంది."

ఆ రోజు నుంచి గరిటె నా చేతికిచ్చి ముందుగదిలో కూర్చుంది. వంటింటి కోసం నేను ఎన్నిసార్లు లోలోపల విసుక్కున్నానో! అది ఇలా చేతికొచ్చాక మాత్రం ఏం చేసుకోవాలో తెలియలేదు. ఆవిడ అన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది. డాక్టరు, వాసన దానంతటదే వస్తుంది, ఓపిక పట్టండి అన్నాడు. చేపల పులుసు పెట్టాను, అల్లం దట్టించాను, ఊరి నుంచి ఆవకాయ తెప్పించాను. ఏదీ పని చెయ్యలేదు.

నెల దాటాక ఒక సాయంత్రం వెనక వరండాలో జామకాయ కోసుకుని పొడి చల్లుతున్నాను. మేడ మీదావిడ కొత్తగా దంచి పోసిన పొడి అది. అత్తగారు తలుపు దగ్గరకొచ్చి ఆగింది. ముక్కు చిట్లించింది.

"ఏటే ఆ కంపు?"

తప్పు చేసినదానిలా సీసా మూత వెతుక్కున్నాను. అప్పుడు గానీ వెలగలేదు.

"అత్తయ్యగారూ, మీకు తెలిసిందా?"

ఆవిడ చెయ్యి చాపింది. సీసా ముక్కుకి ఆనించుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే పీల్చింది.

"అదే. గుడ్డు కంపే," అని, జామకాయ ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. "ఇంకొంచెం సల్లు."

నేను ఏడ్చేశాను. "ఏటే, గుడ్డు కంపుకి ఏడుత్తావేటి?" అంది. ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఇక ఆ సీసా వంటింట్లోకి వచ్చేసింది, దాని వెనకే ఆవిడా. పెసరట్టు మీద, మజ్జిగలో, ఉడికించిన వేరుశెనగపప్పు మీద, వేయించిన కానాగంత చేపల మీద, అన్నిటా అదే. పొయ్యి మీంచి దించాక చల్లాలని, మంట మీద వేస్తే వాసన పోతుందని నాలుగైదుసార్లు పాడుచేసుకుని నేర్చుకున్నాం. ఒకరోజు ఆవిడ చేపల పులుసులో కూడా వేసింది. చింతపండు పులుపు మీద మామిడి పులుపు. మా ఆయన ఒక ముద్ద తిని నీళ్ల గ్లాసు అందుకున్నారు. "పులుసు జోలికి ఎల్లకూడదు," అని ఆవిడే తీర్పు చెప్పింది.

వాసనలు ఒక్కొక్కటే వచ్చాయి. నల్ల ఉప్పు తరువాత ఇంగువ, తరువాత జీలకర్ర. కరివేపాకు రావడానికి మరో రెండు నెలలు పట్టింది. మధ్యలో ఆవిడ సొంతంగా పొడి దంచడం మొదలుపెట్టింది. బజారు మామిడి పొడి నచ్చక, ఊరి నుంచి మామిడి ఒరుగులు తెప్పించి, మళ్లీ ఎండబెట్టి, దంచి కలిపింది. రెండు ఎండుమిరపకాయలు కూడా వేసింది. మేడ మీదావిడకి గిన్నెలో పంపితే, నాలుక మీద వేసుకుని తనకొచ్చిన తెలుగులో అంది: "అమ్మా, చాలా బాగుంది. కానీ ఇది చాట్ మసాలా కాదు."

"మరేటి?" అంది మా అత్తగారు, నడుం మీద చెయ్యి వేసుకుని. మేడ మీదావిడ నవ్వింది గానీ, ఆ గిన్నె మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

ఇప్పుడు వంటిల్లు ఇద్దరిదీ. పులుసులూ పచ్చళ్లూ ఆవిడవి, వేపుళ్లూ టిఫిన్లూ నావి. వాసన మొత్తం తిరిగి రాలేదు. మల్లెపూలు పెట్టుకుంటుంది గానీ వాటి వాసన సబ్బు వాసనలా ఉందంటుంది. కాగే పాల వాసన ఇప్పటికీ తెలియదు. పొయ్యి మీద పాలుంటే నేను ముందుగది నుంచి ఒక కేక వేస్తాను.

"కనబడతందిలే, నాను ఇక్కడే ఉన్నాను," అంటుంది, గిన్నె మీద నుంచి చూపు తిప్పకుండా.