ఆంజప్ప పరుగు, అక్క ఒక్కపొద్దు

మా కెలమంగలంలో గొర్రెలు మేపే ఆంజప్పకు కాళ్ళలో ఉన్న చురుకు బుర్రలో ఉండేది కాదు. ఈ మాట అతని ముఖం మీదే అనేవాణ్ణి. నవ్వేసి ఊరుకునేవాడు.

డెబ్బైల చివర్లో, ఏటా తేరు పండగ ముగిసిన ఆదివారం కెలమంగలం నుంచి హోసూరు దాకా పరుగుపందెం పెట్టేవారు. గెలిపించమని ఆంజప్ప మునీశ్వరుడికి మొక్కుకున్నాడు. మొక్కంటే ఒక్కపొద్దు. పందెం ముగిసేదాకా మెతుకు ముట్టకూడదు, నీటిచుక్క మింగకూడదు. ఎర్రటి ఎండలో అలాగే పరిగెత్తి, మత్తిగిరి చింతచెట్టు దగ్గర కుప్పకూలాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక గానీ కళ్ళు తెరవలేదు. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్క అంగాళమ్మే. ఆ మంచం పక్కన ఆమె ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు.

మరుసటి ఏడు మా ఆంజప్ప పెద్దమనిషి పందేనికి మళ్ళీ పేరిచ్చి వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంగాళమ్మ మాత్రం అరవలేదు.

“పరిగెత్తితే పరిగెత్తు. తిని పరిగెత్తురా” అంది.

“ఈ ఏడు కూడా మొక్కుకున్నా కదక్కా! మాట తప్పితే సామి ఊరుకుంటాడా?”

ఆమె నేరుగా మునీశ్వరుడి గుడి పూజారి వీరాస్వామి దగ్గరికి పోయింది. “వాని ఒక్కపొద్దు నేనుంటే చెల్లుతుందా సామీ?” అని అడిగింది. ఒక కడుపున పుట్టినవాళ్ళు ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చడం మా వైపు ఉన్నదే.

“చెల్లుతుందమ్మా” అన్నాడాయన. ఇక ఆంజప్ప తిని పరిగెత్తడానికి ఒప్పుకున్నాడు.

పందెంనాడు తెల్లవారకముందే ఉప్పేసిన రాగి అంబలి అతని చేత తాగించి, నిక్కరు జేబులో బెల్లంముక్కలు పెట్టింది.

“దప్పికయ్యేదాకా ఆగొద్దు. బావి కనపడితే నాలుగు గుక్కలు తాగు.”

“పరిగెత్తేటప్పుడు తాగితే డొక్కలో పట్టుకుంటుందంటారక్కా.”

“కడుపు నిండా తాగితే పట్టుకుంటుంది. గొంతు తడుపుకునేదానికేమి? మత్తిగిరిలో నేనుంటా.”

ఉప్పు మజ్జిగ కుండతో ఆమె బస్సెక్కితే నేనూ వెంట పోయాను. ఆ చింతచెట్టు కిందే నిలబడింది. ఆమె పెదవులు అప్పటికే ఎండిపోయాయి. చేతిలో కుండెడు మజ్జిగ ఉన్నా వేలైనా ముంచలేదు. పరిగెత్తేవాళ్ళు ఒక్కొక్కరే మమ్మల్ని దాటిపోతున్నారు.

“యాడున్నాడప్పా మావాడు?” అని నన్నడిగింది. నేను రోడ్డు మధ్యకు పోయి మలుపు వైపు చూశాను.

మలుపులో ఆంజప్ప కనిపించాడు. ఒళ్ళంతా చెమట, అడుగు మాత్రం తూలలేదు. ఆగి నాలుగు గుక్కల మజ్జిగ తాగాడు, బెల్లం బుగ్గన పెట్టుకుని మళ్ళీ పరుగందుకున్నాడు. అతను కనుమరుగయ్యాక అంగాళమ్మ అక్కడే చతికిలబడింది. హమ్మయ్య అనుకున్నాను.

గంటన్నర తర్వాత హోసూరు నుంచి తిరిగొచ్చిన బస్సులోంచి మా ముందే తన కాళ్ళ మీద తాను దిగాడు. ఏడోవాడుగా చేరాడట. పందెం పూర్తిచేసినవాళ్ళకు తలా ఒక ఎళనీరు ఇచ్చారు. ఆ కొబ్బరిబోండాం కొట్టించకుండా తెచ్చి, చెట్టు దగ్గరున్నవాళ్ళను కొడవలి అడిగి తనే కొట్టి అక్క చేతిలో పెట్టాడు.

“పందెం అయిపోయిందక్కా. తాగు.”

“నువ్వు తాగినావా?”

“నీ మజ్జిగ ఇంకా కడుపులోనే ఉంది.”

అప్పుడు తాగింది. ఎత్తిన బోండాం దించలేదు. నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. ఆంజప్ప ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

“వచ్చే ఏడు కూడా ఉరుకుతావా?” అని అడిగాను.

“ఉరుకుతానప్పా. సామికి మాత్రం ఇప్పుడే చెప్పేసినా. గెలిచినా ఓడినా, ఇంక మా ఇంట్లో ఎవరూ ఒక్కపొద్దు ఉండేది లేదని.”