టైగర్‌కి జనరల్ షిఫ్ట్

మా పక్క క్వార్టరు సింహాద్రి ఇరవై రెండేళ్ళుగా భిలాయి స్టీలు ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేస్తున్నాడు. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. నేను అదే ప్లాంటులో హాజర్లు రాసే టైమాఫీసు గుమస్తాని. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చే జనరల్ షిఫ్టు వాణ్ణి. అతని లెక్కలో నాది ఉద్యోగమే కాదు. "ఏటి గుమస్తా, ఇయాల ఎన్ని కాయితాలు కరిగించావు?" అని గోడ మీంచి పలకరించేవాడు. ఫర్నేసు హోరులో అరిచీ అరిచీ అతని గొంతు అలాగే ఉండిపోయింది. సింహాద్రి రహస్యం చెబితే మా రిసాలి కాలనీలో సగం మందికి వినబడుతుంది.

అతని భార్య గున్నమ్మ పెళ్ళయిన నాటి నుంచీ అడుగుతున్నది ఒక్కటే, జనరల్ షిఫ్టుకి మారమని. తొంభై మూడు వానాకాలంలో రాత్రి డ్యూటీ దిగి వస్తూ అతను స్కూటరు మీదే కునుకు తీసి కాలవలో పడ్డాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. గేదె అడ్డం వచ్చిందని అందరికీ చెప్పాడు. భిలాయిలో ఆ గేదెను చూసిన మానవుడు మరొకడు లేడు. అప్పటినుంచి రాత్రి షిఫ్టు వారం వస్తే చాలు, గున్నమ్మ పొద్దున్నే వచ్చి గేటు పట్టుకుని నిలబడేది. స్కూటరు చప్పుడు వినబడ్డాకే లోపలికి వెళ్ళి టీ పెట్టేది. ఈసారి రాకపోతే ఎలా అన్న భయం ఆవిడ మొహంలో రోజూ చూసేవాణ్ణి. అయినా మన వీరుడు వింటేనా! "జనరల్ షిఫ్టు గుమస్తాలకే. మొగోడన్నాక ఫర్నేసు కాడుండాల" అనేవాడు.

ఆ చలికాలంలో వైశాలి నగర్‌లో ఇల్లు కడుతూ ఇటుకల కోసం కుమ్హారి ఊళ్ళో బట్టీకి వెళ్ళాడు. బట్టీ యజమానికి కుక్కల పరుగు పందేల పిచ్చి. పంజాబు నుంచి ఒక గ్రేహౌండు కుక్కను తెప్పించాడు. అది ప్రతి పందెంలోనూ గీత దగ్గరే చతికిలబడింది. ఇక దానికి తిండి కూడా దండగని షెడ్డులో కట్టి పడేశాడు. సింహాద్రి రెండు లారీల ఇటుకలతో పాటు ఆ కుక్కనీ తెచ్చుకున్నాడు. కొత్త ఇంటికి కాపలాకట. టైగర్ అని పేరు కూడా పెట్టాడు.

టైగర్ గారు కుక్కర్ కూతకి మంచం కింద దూరేవారు. ఫ్యాను తిరిగితే వణికేవారు. నున్నటి గచ్చు మీద కాళ్ళు జారుతున్నాయని గుమ్మంలోనే కొయ్యబారిపోతే, గున్నమ్మ గోనెసంచులు పరిచి వంటింటి దాకా దారి వేసింది. దానికి మెట్లెక్కడం కూడా తెలీదు. ఒక్కో కాలూ తనే ఎత్తి పెట్టి నేర్పింది. అన్నిటికంటే దానికి భయం సింహాద్రి గొంతంటేనే. అతను ప్రేమగా "టైగర్" అంటే అది గోడకేసి తిరిగి నిలబడేది.

"ఒలమ్మో, నాను పులినేటి? నన్ను సూసి అలాగైపోతాదేటి?" అని నొచ్చుకునేవాడు. నిజంగానే నొచ్చుకునేవాడు, పాపం.

పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన త్రినాథరావు గారు వచ్చి చూశారు. "దాని వెంట పడకండి. పక్కన కూర్చుని, దానికేసి చూడకుండా మెల్లగా మాటాడండి. రోజూ ఒకే టైముకి, ఒకే దారిలో తిప్పండి. ఇంతకు మించి మందు లేదు" అన్నారు.

"ఒకే టైమా? ఆ టైము నాకే లేదు, దీనికెక్కణ్ణించి తెచ్చీది?" అన్నాడు సింహాద్రి.

పోనీ గున్నమ్మకి అప్పజెప్పొచ్చు కదా! అబ్బే, కుక్కన్నాక యజమాని చెయ్యి తెలియాలట. దాంతో టైగర్‌కి కూడా షిఫ్టులు పడ్డాయి. ఒక వారం సాయంత్రం, ఒక వారం పొద్దున్న, ఒక వారం ఆయనగారు ఎప్పుడు నిద్రలేస్తే అప్పుడు. అది కాస్త ధైర్యం తెచ్చుకునేసరికి షిఫ్టు మారేది. మళ్ళీ మొదటికొచ్చేది.

వేసవిలో ఒకరోజు నాకు జ్వరమొచ్చి సెలవు పెట్టాను. తొమ్మిదిన్నరకి వరండాలో కూర్చుని ఉంటే గున్నమ్మ కూరగాయల సంచీతో వస్తోంది. రెండో చేతిలో గొలుసు, దాని చివర టైగర్. ఒక ట్రాక్టరు ధడధడలాడుతూ పక్కనుంచే పోయింది. కుక్క చెవి కూడా కదపలేదు! జ్వరం తలకెక్కిందేమో అనుకున్నాను.

గున్నమ్మ నన్ను చూసి ఆగిపోయింది. "సూసీసేవా అన్నియ్యా!" అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెల్లయ్యింది. తొమ్మిదయ్యీసరికి అదే వచ్చి గుమ్మం కాడ నిలబడతాది. ఆ టైముకి ఈయన డ్యూటీలోనైనా ఉంటాడు, ఇల్లు కడతన్న కాడైనా ఉంటాడు, లేపోతే నిద్దరోతాడు."

"మరి అతనితో చెప్పలేదేం?"

సంచీ కింద పెట్టింది. "సెప్తే ఈయనకి దీని బెంగ తీరిపోతాది. మళ్ళీ నిచ్చింతగా నైట్ డ్యూటీకి ఎల్తాడు. నాను అడిగితే ఇనలేదు, పక్కలిరిగినా ఇనలేదు. ఈ నోరు లేనిదాని కోసమైనా మార్తాడేమోనని... అబద్ధం ఆడలేదన్నియ్యా. సెప్పలేదంతే." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జ్వరంగా ఉంది కనుక నేనేమీ చూడలేదని ఒప్పుకున్నాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం షిఫ్టు వారం, సింహాద్రి డ్యూటీకి పోయే ముందు టైగర్‌ని బలవంతంగా రోడ్డెక్కించాడు. అది వెనక్కి లాగింది. గ్రేహౌండు తల మెడకంటే సన్నం. పట్టీ తల మీంచి జారిపోయింది, కుక్క మాయమైంది. పందెంలో ఒక్కసారైనా అలా పరిగెత్తి ఉంటే బట్టీ యజమాని దాన్ని నెత్తిన పెట్టుకునేవాడు. చివరికి ఆగి ఉన్న లారీ కింద దొరికింది. సింహాద్రి నడిరోడ్డు మీద బోర్లా పడుకుని మూడు గంటలు బతిమాలాడు, అదీ మెల్లగా. ఆ గొంతులో అంత చిన్న మాట ఉందని అప్పుడే తెలిసింది. షిఫ్టు ఎగిరిపోయింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అతని పేరు ఎదురుగా గైర్హాజరు వేశాను. వేస్తున్నంతసేపూ లోపల కొంచెం ఆనందించాను కూడా.

మర్నాడు నా టేబులు ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆ జనరల్ షిఫ్టు ఫారం ఒకటియ్యి."

"కారణం ఏమని రాస్తావ్?"

"కుక్క."

"కుక్క అని రాస్తే పెద్దాఫీసులో పది రోజులు నవ్వుకుని చింపేస్తారు. కుటుంబ కారణాలని రాయి."

"కుటుంబమేటి? మాయావిడికేటీ అవలేదు. కుక్కకే టైము కావాల." అంతా చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. గేటు పట్టుకుని నిలబడే ఆ మనిషి గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. కుటుంబ కారణాలని నేనే రాశాను.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. అతన్ని ప్లాంటులోనే రిపేరు షాపులో, జనరల్ షిఫ్టులో వేశారు. మొదటి ఆదివారం పది గంటలకి సింహాద్రి మా గేటు తోసుకుని వచ్చాడు. పక్కన టైగర్, నోట్లో క్యారెట్ ముక్క.

"తొమ్మిదయ్యీసరికి ఇది గుమ్మం కాడ నిలబడింది. మాయావిడ తానానికెల్లింది కదాని నాను గొలుసు పట్టుకున్నాను. నన్నే మార్కెట్టుకి ఈడ్చుకుపోనాది. కూరలమ్మేది దీనికి క్యారెట్టు ఎట్టి, 'దీదీ ఆజ్ కైసే నఇ ఆఇస్?' అంటాది, అక్క ఇయాల రాలేదేటని. రోజూ వొస్తాదట!" అన్నాడు.

నేను చేతిలో పేపరు మడత పెట్టాను.

"ఆ ఫారం వెనక్కి తీసుకోవచ్చేటి?"

"కుదరదు" అన్నాను గట్టిగా. ఇంకో ఫారం రాస్తే చాలు, శుభ్రంగా కుదురుతుంది.

"అబద్ధం" అన్నాడు. "నీకూ తెలుసన్నమాట." మా మెట్టు మీద కూలబడ్డాడు. చాలాసేపు కుక్క వీపు నిమిరాడు. "ఇరవై రెండేళ్ళు నోరిడిసి అడిగింది. ఒక్కసారి ఇన్నానా? ఆకిరికి కుక్కని అడ్డం ఎట్టుకుని అడగాల్సొచ్చింది దానికి. సిగ్గేస్తంది నాకు." కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు తెలిసిపోయినట్టు గున్నతో అనీకు. ఇదిగో, నీ మీద ఒట్టు."

ఒట్టు తన మీద వేసుకోవాలిగానీ నా మీద ఎందుకో అర్థం కాలేదు. సరేనన్నాను. ఇద్దరి రహస్యాలూ ఒక్కణ్ణే మోసే డ్యూటీ టైమాఫీసులో కూడా నాకు ఎప్పుడూ పడలేదు.

ఆ సాయంత్రం గోడ అవతల్నుంచి సింహాద్రి మాట చిన్నగా వినబడింది. "ఒలే గున్నా, ఈ పిరికిముండ నానొక్కణ్ణీ పిలిస్తే కదల్లేదు. నువ్వు కూడా వస్తావేటి?"

"వస్తానుండు" అంది గున్నమ్మ. చెప్పులేసుకుంది. ముగ్గురూ గేటు దాటారు. ఇరవై రెండేళ్ళలో సాయంత్రం పూట ఆ మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన నడవడం నేను చూడటం అదే మొదలు.