కోనసీమ లంకలో కాల్షియం సీసా పట్టుకున్న మధ్యాహ్నం

విశాఖ శివార్లలో పశువుల మందులకు ముడిపదార్థాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. నాణ్యత పరీక్షల విభాగం. ఏ మందులోనైనా జబ్బు మీద అసలు పని చేసే పదార్థం ఒకటుంటుంది. మా రంగంలో దాన్ని ఏపీఐ అంటాం. సీసాలో మిగతావన్నీ దాన్ని పాడవకుండా చూసేవీ, ఒంట్లోకి చేర్చేవీ. మా దగ్గర తయారయ్యేవాటిలో కాల్షియం బోరోగ్లూకోనేట్ ఒకటి. చూడ్డానికి మామూలు తెల్ల పొడి. కొంచెం నీళ్ళలో కరిగించి, రంగు వేసి, చుక్కచుక్కగా పరీక్ష ద్రావణం కలుపుతూ పోతే ఎరుపు నీలమయ్యే చోట ఆపి లెక్క కడతాను. లెక్క సరిపోతే సంతకం పెడతాను. డ్రమ్ములు లారీ ఎక్కి ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలకు వెళ్ళిపోతాయి. ఆ గేటు దాటాక ఏం జరుగుతుందో పుస్తకాల్లో చదవడమే గాని చూసింది లేదు. పట్నంలో పుట్టి పెరిగినదాన్ని, గేదెను చేత్తో తాకింది కూడా లేదు.

ఇంటర్‌లో నా పక్కన కూర్చున్న ఉమ ఇప్పుడు కొత్తపేట దగ్గర ఒక ఊళ్ళో పశువుల డాక్టరు. ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ, "నువ్వు చేసేది ఎక్కడికెళ్తుందో ఒకసారి వచ్చి చూడవే సునీతా" అంటూ ఉండేది. ఈ చలికాలం సెలవు పెట్టి బయల్దేరాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి దారి తేలికే. తెల్లవారుజామున విశాఖలో రైలెక్కితే తొమ్మిదిలోపు రాజమండ్రిలో దిగొచ్చు. స్టేషన్ నుంచి ఆటోలో బస్సు కాంప్లెక్సుకి వెళ్తే, రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్ళే బస్సులు తరచుగానే ఉంటాయి. కొత్తపేట టికెట్టుకి వంద నోటిస్తే చిల్లర తిరిగొచ్చింది. ఎడమవైపు కిటికీ దొరికితే వదులుకోకండి. జొన్నాడ వంతెన మీద గోదావరి ఎంతసేపటికీ అయిపోదు. ఇసుక తిన్నెలు, వాటి మధ్య పాయలు, మళ్ళీ ఇసుక. పక్క సీటులో ఉన్న పెద్దావిడ తన పని మానేసి నన్నే చూస్తూ, "మొదటిసారా అండీ రావడం?" అని అడిగారు. అవునన్నాను. "అయితే చూసుకోండి, నేను మాట్లాడనులెండి" అని తల తిప్పుకున్నారు.

కొత్తపేటలో దిగి, ఉమ చెప్పిన చిన్న హోటల్లో పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల బుట్టలో ఉడికిన ఇడ్లీ అది. ఆకు విప్పగానే వచ్చిన ఆవిరికి ముందు వాసన చూడాలో తినాలో తోచలేదు. వడ్డిస్తున్నావిడని ఆకులు ఎక్కడివని అడిగితే, "మా దొడ్లోవేనండీ. ఆకు లేతదైతే చిరుగుద్ది, ముదిరితే వాసన రాదు" అన్నారు.

పశువుల ఆసుపత్రి రెండు గదులూ, ముందు ఒక రేకుల షెడ్డూ. షెడ్డులో పశువును కదలకుండా నిలబెట్టే ఇనప గొట్టాల చట్రం. ఉమ ఒక దూడకి కడుపులో పురుగులు పోయే మందు తాగిస్తూ కళ్ళతోనే నన్ను పలకరించింది. లోపల అలమర ముందు నిలబడ్డాను. ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్, ఆక్సీటెట్రాసైక్లిన్. ఇన్నాళ్ళూ డ్రమ్ముల మీద, పరీక్ష నివేదికల్లో చూసిన పేర్లు ఇక్కడ చిన్నచిన్న సీసాల మీద, ఎవరి జబ్బుకోసమో ఎదురుచూస్తున్నట్టు ఉన్నాయి. తెలిసిన మనుషులు పరాయి ఊళ్ళో కనిపిస్తే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

పన్నెండు దాటుతుండగా ఉమకి ఫోనొచ్చింది. గోదావరి పాయ అవతల లంకలో నాగమణి గారి గేదె, ముందురోజు సాయంత్రం ఈనింది, ఇప్పుడు లేవట్లేదు. ఉమ వెంటనే మందుల సంచి తీసుకుని స్కూటర్ తాళాలు అందుకుంది. సంచిలోకి వెళ్ళిన సీసాల్లో ఒకదాని మీద పేరు చదివాను. కాల్షియం బోరోగ్లూకోనేట్.

రేవులో పడవ సిద్ధంగా ఉంది. స్కూటర్‌ని కూడా పడవలోకే ఎక్కించారు. పడవ నడిపే అప్పారావు గారికి సంగతి అప్పటికే తెలుసు. "తొందరగా పోనిస్తానండీ డాక్టరమ్మ గారూ. మా ఆవిడ చూసొచ్చిందండి. గేదె మెడ పక్కకి వాల్చేసిందట" అన్నారు. ఉమ తలూపింది. నాతో మెల్లగా, "పాల జ్వరం అయ్యుంటుంది. ఈనగానే ఒంట్లో కాల్షియమంతా పాలలోకి వెళ్ళిపోతుంది. ఇంకా ఆలస్యమైతే గుండె ఆగిపోతుంది" అంది. పుస్తకంలో ఈ వాక్యం నేనూ చదివాను. నీళ్ళ మీద, ఒడ్డు ఇంకా దూరంగా ఉన్నప్పుడు వింటే వేరుగా ఉంది.

కొబ్బరి తోట మధ్య పశువుల పాక. నల్లటి పెద్ద గేదె కూలబడి, తలని డొక్క మీదకి వాల్చుకుని ఉంది. నాగమణి గారు దాని వీపు మీద గోనెపట్టా కప్పి, పక్కనే నేల మీద కూర్చుని ఉన్నారు. యాభై దాటిన మనిషి. కాస్త దూరంలో దూడ, ఇంకా కాళ్ళు నిలదొక్కుకోలేక తూలుతోంది.

"మాయ కూడా బానే పడిందండీ. పొద్దున్న పాలు పిండుతుంటే కాళ్ళు వణికేయి. తర్వాత ఇలా కూర్చుండిపోయింది" అన్నారు నాగమణి గారు. తర్వాత గొంతు తగ్గించి, "పోయిన వరదల్లో ఒక గేదె ఇలాగే పోయిందండి. ఆరోజు పడవ వేసే వీల్లేదు. మీరు అవతలొడ్డున, మేం ఇవతలొడ్డున. తెల్లారేసరికి అయిపోయింది" అన్నారు.

ఉమ వంగి ముట్టె తడిమింది, పొడిగా ఉంది. నన్ను చెవి పట్టుకుని చూడమంది. పేరులో జ్వరం ఉంది గాని చెవి చల్లగా, ప్రాణం లేని తోలులా ఉంది. నేను గేదెను తాకడం అదే మొదలు. నాగమణి గారు తెచ్చిన గోరువెచ్చటి నీళ్ళ బకెట్లో సీసాని కాసేపు ఉంచాక, ఉమ మెడ నరం వెతికి సూది ఎక్కించింది. గొట్టం బిగించి సీసా నా చేతికిచ్చింది. "నేను గుండె వింటుంటాను. పైకెత్తమంటే ఎత్తు, దించమంటే దించు. తొందరగా వెళ్తే ఇదే మందు ప్రాణం తీస్తుంది" అంది.

సీసాలో బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. ఆ ద్రవంలో ఉన్నది మా పొడో, ఇంకెవరిదో నాకు తెలియదు. సీసా మీద అది రాయరు. ఎవరిదైనా, నాలాంటి ఒకరు ఎక్కడో రంగు మారేదాకా చూసి సంతకం పెట్టి ఉంటారు. ఆ మనిషి సరిగ్గా చూసి ఉండాలని నాకు దేవుడికి మొక్కుకోవాలనిపించింది.

సగం వెళ్ళాక ఉమ ముఖం మారింది. "గొట్టం నొక్కు. నొక్కేయ్" అంది. నొక్కిపట్టాను. గుండె లయ తప్పిందట. స్టెతస్కోపు కదపకుండా, కళ్ళు మూసుకుని వింటోంది. నాగమణి గారు నా ముఖం చూశారు. నేను సీసా వైపు చూశాను. గేదె ఊపిరికి గోనెపట్టా లేస్తోందా లేదా అన్నదొక్కటే అందరి ధ్యాస. చాలాసేపటికి ఉమ, "ఆఁ, దారిలో పడింది. మెల్లగా వదులు" అంది.

ఆ తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను. ముందు డొక్కలో చర్మం వణికింది, గాలికి నీళ్ళు కదిలినట్టు. ముట్టె మీద చెమట బిందువులు పుట్టాయి. గేదె పెద్దగా త్రేన్చింది. వాలిన తల ఎత్తి, మమ్మల్ని కాదు, దూడని చూసింది. సీసా ఖాళీ అయింది, ఉమ సూది తీసేసింది. ఇంకొంతసేపటికి పేడ వేసింది. అది చూసి నాగమణి గారు చేతులు జోడించారు. వెనక కాళ్ళు ముందు లేచాయి. ముందు మోకాళ్ళ మీద ఒక్క క్షణం ఆగి, అంత పెద్ద ఒళ్ళూ పైకి లేచి నిలబడింది. నేను వెనక్కి అడుగు వేశాను. ఎండ తగలకుండా నాకు అడ్డంగా ఒక కొండ లేచినట్టు ఉంది. మళ్ళీ వెళ్ళి చెవి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

దూడ తడుముకుంటూ వెళ్ళి పొదుగు అందుకుంది. "రెండు రోజులు పాలు పూర్తిగా పిండకండి, కొంచెం వదిలేయండి" అని ఉమ చెప్తుంటే, నాగమణి గారు ఆయ్, ఆయ్ అంటూనే ఏడుస్తున్నారు. కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చాక నన్ను అడిగారు.

"మీరూ డాక్టరేనాండీ?"

"కాదండీ. ఆ సీసాలో వేసే మందుపొడి తయారయ్యే చోట పనిచేస్తాను. పొడి సరిగ్గా ఉందో లేదో చూసేది నేనే."

ఆవిడ నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. పేడ వాసన, పచ్చిపాల వాసన. "అయితే బాగా చూడండమ్మా" అన్నారు.

"ఆయ్, చూస్తానండీ" అన్నాను. ఆ ఊరి మాట నా నోట తెలియకుండానే వచ్చేసింది.

చీకటి పడకముందే ఉమ ఇంటికి చేరాం. ఇలాంటివి తను ఎన్నో చూసిందట. "ప్రతిసారీ లేవవు. లేచినప్పుడు మాత్రం నాకూ ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది" అంది. నేను కోనసీమకి తోటలూ గోదావరీ చూద్దామని కూడా వచ్చాను, అవన్నీ చూశాను, బాగున్నాయి. కానీ ఇంటికి తెచ్చుకున్నది అరచేతిలో ఆ చెవి వెచ్చబడటం. రాళ్ళలోంచి వచ్చే సున్నపు ధాతువు, చేతులు మారి, ఊళ్ళు దాటి, ఒక నల్లటి ఒంట్లోకి చేరి కండరాన్ని పట్టి లేపడం. దాని వెనక ఉన్న రసాయనమంతా నాకు తెలుసు. తెలిసినకొద్దీ ఆశ్చర్యం పెరిగిందే తప్ప తగ్గలేదు.

మీరూ లంకలవైపు వెళ్తే ఒక్కటే మాట. అవతలి ఒడ్డున దిగేముందే ఆఖరి పడవ ఎప్పుడో అడిగి తెలుసుకోండి. వంతెన లేని ఊళ్ళలో రోజంతా ఆ పడవని బట్టే నడుస్తుంది, మనుషులకైనా, మందులకైనా.