మా అన్నయ్య నీలం మొహం

మా వదిన బొమ్మలు వేస్తుంది. సరదాకి వేస్తుందనుకునేరు, అదే ఆవిడ ఉద్యోగం. డాక్టర్ల గదుల్లో, లాడ్జీల మెట్ల దగ్గర, ఆఫీసుల్లో జనం కూర్చుని ఎదురుచూసే చోట గోడలకి ఉంటాయే, గిన్నెలో పళ్ళు, కూజాలో పూలు, వానకి తడిసిన వీధి, అలాంటివి. వాటిని ఎవరూ పనిగట్టుకుని చూడరు. ఎదురుగా అదే ఉంటుంది కాబట్టి చూడకుండా ఉండనూ లేరు. కింద మూల ఆవిడ సంతకం ఉంటుంది గాని, దాన్ని వంగి చదివిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

నేను ఆవిడ ఆడపడుచుని. బట్టలు కుడతాను. వాళ్ళింటికీ మా ఇంటికీ ఒక్క గోడే అడ్డం. అటు రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన, ఇటు మిషను చప్పుడు. ఒకరినొకరు విసుక్కుంటూ చాలా ఏళ్ళుగా బాగానే ఉన్నాం.

బొమ్మలు వేసేవాళ్ళంటే జనానికి ఏవేవో ఊహలుంటాయి. మూడ్ రావాలి కదండీ అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పాలవాడు మూడ్ వస్తేనే పాలు పోస్తాడా అంటుంది వదిన. పొద్దున్నే వంట ముగించి, పైన అన్నయ్య పాత చొక్కా ఒకటి తొడుక్కుని, ముందుగదిలో కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఆ కిటికీలోంచి ఎండ పడదు, వెలుతురే వస్తుంది. ఆ వెలుతురు చూసే ఆ ఇల్లు తీసుకున్నారు. వంటింట్లో మాత్రం ఇద్దరు నిలబడితే తలుపు వెయ్యడానికి ఉండదు. రంగు ట్యూబు అయిపోవస్తే గరిటె కాడతో అడుగు నుంచి నొక్కుతుంది. అప్పటికీ రాకపోతే కత్తెరతో నిలువునా చీల్చి లోపల గీకుతుంది. ఆ కత్తెర నాది. దాని గురించి మేము పడ్డ పోట్లాటలు రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది.

సాయంత్రం రంగులు కలిపే పలక మీద మిగిలినదాన్ని పారేయడానికి ఆవిడకి ప్రాణం ఒప్పదు. ఏదో ఒక అట్టముక్క తీసి, ఆ రంగుతో ఏది వస్తే అది వేస్తుంది. ఎరుపు మిగిలితే టమాటా, బూడిదరంగు మిగిలితే పిల్లి. వాళ్ళింట్లో అటక నిండా పిల్లులే.

మా అన్నయ్య వాచీలు బాగుచేసేవాడు. అదే గదిలో అవతలి గోడ దగ్గర ఆయన బల్ల, కుర్చీ. కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత చక్రాల్ని పట్టకారుతో ఎత్తేవాడు. వదిన ఏ బొమ్మ పూర్తి చేసినా స్టూలు మీద నిలబెట్టి ఆయన వైపు తిప్పేది. ఆయన భూతద్దం తీసి చూసేవాడు. బాగుంటే "ఊఁ" అనేవాడు. లేకపోతే ఒక్క ముక్క. కూజా వంగింది. నీడ అటు పడాలి. చెయ్యి పొట్టి. అంతే, మళ్ళీ వాచీలోకి తల దూర్చేవాడు. వదినకి ఒళ్ళు మండిపోయేది. మొహం మాడ్చుకుని, ఆ పూటకి మాట్లాడడం మానేసి, మర్నాడు పొద్దున్నే ఆ కూజాని నిటారుగా నిలబెట్టేది.

వాళ్ళ పెళ్ళైన కొత్తలో నేను ఆయన్ని నిలదీశాను. బాగుంది అంటే నీ సొమ్మేం పోతుందిరా, పాపం ఎంత కష్టపడుతోంది అని. "ఊరికే బాగుందనేస్తే, నిజంగా బాగున్నప్పుడు ఏమనాలే?" అన్నాడు. వదిన మాత్రం ఆ "ఊఁ" కోసమే పనిచేసేది. ఆవిడ బొమ్మలు కొనుక్కుపోయే ఫ్రేముల షాపాయన ఎంత పొగిడినా చెవిన వేసుకునేది కాదు.

తర్వాత అన్నయ్యకి గుండె జబ్బు వచ్చింది. వాచీలు పట్టుకుంటే చేతులు వణికేవి. బల్ల దగ్గర ఊరికే కూర్చునేవాడు. అందరి గోడలకీ వేశాను, మా గోడకి ఒక్కటీ లేదు అంటూ వదిన ఆయన బొమ్మ మొదలుపెట్టింది. సాయంత్రాలు ఆయన కదలకుండా కూర్చునేవాడు, ఆవిడ వేసేది. పూర్తయిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. బొమ్మని స్టూలు మీదకెక్కించి ఆయన వైపు తిప్పి, "ఇది మీరేనా?" అని అడిగింది. అన్నయ్య చాలాసేపు చూశాడు.

"అచ్చం నేనే" అన్నాడు.

ఊఁ కంటే పెద్ద మెప్పు ఆయన నోట రావడం అదే మొదలు. వదిన మర్నాడు కుంచె ముట్టుకోలేదు. పనేమీ లేకుండా వీధిలో అటూ ఇటూ తిరిగి, పూలకుండీ ఒకటి కొనుక్కుని వచ్చింది.

ఇక్కడ నేను చెప్పాల్సింది ఒకటుంది. ఆ బొమ్మలో అన్నయ్య మొహం నీలంగా ఉంది. మరీ ఆకాశం రంగు కాదనుకోండి. గోడ నీడ పడితే ఎలా ఉంటుందో అలా, పలక రంగుకి కాస్త ఇటు. పొద్దస్తమానం గుడ్డకి సరిపోయే దారం వెతుక్కునేదాన్ని, నాకు కనబడకుండా ఎలా ఉంటుంది? ఆగలేక అడిగేశాను, అన్నయ్య నీలంగా ఉన్నాడేంటి వదినా అని. నువ్వు దారాలు చూసుకో అంది. అన్నయ్య నవ్వి, మందులు మింగీ మింగీ ఆ రంగుకి వచ్చానేమోలే అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకటైపోయాక మధ్యలో నాకెందుకని ఊరుకున్నాను.

ఆ తర్వాత ఎన్నాళ్ళో లేడు.

బొమ్మ ఆయన కుర్చీ పైన గోడకెక్కింది. వదిన పని మానలేదు. బొమ్మ పూర్తికాగానే అలవాటు ప్రకారం స్టూలెక్కించి ఆ గోడవైపు తిప్పేది. రాత్రంతా అలా ఉంచి, పొద్దున చూసుకుని, ఏదో ఒకటి దిద్దేది. ఏమన్నాడు అని నేను వేళాకోళమాడితే, ఆకులు ఎక్కువయ్యాయన్నారు అని మామూలుగా చెప్పేది.

కొన్నాళ్ళకి ఫ్రేముల షాపాయన ఒక బొమ్మ వెనక్కి పట్టుకొచ్చాడు. గడప దగ్గర నిలబడి నసిగి నసిగి, నారింజపళ్ళు బూజు పట్టినట్టున్నాయని డాక్టరుగారు అన్నారండీ, పేషెంట్లు మొహం తిప్పుకుంటున్నారట అన్నాడు. వదిన ఒంటికాలి మీద లేచింది. అవి నారింజలు కావంటారా, ఆయన కళ్ళు ఎవరికైనా చూపించుకోమనండి అంది. కళ్ళు చూపించుకోవాల్సింది ఎవరో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. రెండు కళ్ళకీ శుక్లాలు. ఇన్నాళ్ళుగా పసుపు అద్దంలోంచి చూస్తున్నారమ్మా, ఆ పసుపుని చంపడానికి మీకు తెలియకుండానే అన్నిట్లోనూ నీలం కలుపుతూ వచ్చారు అన్నాడు ఆయన. ఆపరేషనంటే ససేమిరా అంది. కంటి మీద కత్తి పెడితే ఇక నేనెందుకు అంది. మళ్ళీ వేసిచ్చిన నారింజలు కూడా వెనక్కొచ్చాక ముందు ఒక కంటికి ఒప్పుకుంది.

కట్టు విప్పాక ఇంటికి తీసుకొచ్చాను. గుమ్మంలోనే నా చెయ్యి వదిలించుకుంది. గోడ చూసింది, కిటికీ చూసింది, బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకుని ఇంత తెల్లగా ఉంటుందా అంది. చిన్నపిల్లలా నవ్వుతోంది. అప్పుడు అన్నయ్య బొమ్మ వైపు తిరిగింది.

కొత్త కన్ను మూసి చూసింది. పాత కన్ను మూసి చూసింది. మళ్ళీ మళ్ళీ అదే పని. నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

"ఆయన కళ్ళు బాగానే ఉండేవి కదా" అంది. చీకట్లో కూడా వాచీ ముల్లు చూసేవాడన్నాను. "మరి ఈ నీలం మొహాన్ని చూసి అచ్చం నేనే అన్నాడేం?"

కంటి మందుల సంచీ బల్ల మీద పెట్టి, ముందు కూర్చో వదినా అన్నాను.

"మీ అన్నయ్య నాకు అబద్ధం చెప్పాడు."

పెళ్ళైనప్పటి నుంచీ ఆయన, ఆయనన్నారు, ఆయనొచ్చారు తప్ప ఆవిడ నోట ఇంకో మాట వినలేదు నేను. ఆ రోజు నుంచి చెప్పాడు, చేశాడు. ఆవిడ బాధ ఆ ఒక్క బొమ్మ గురించి కాదు. జాలిపడి ఒకసారి అబద్ధమాడిన మనిషి ఇంకెన్నిసార్లు ఆడాడో అని. అన్నేళ్ళ ఊఁల్లో ఏది నిజమో ఏది కాదో తేల్చి చెప్పేందుకు మనిషి లేడు. బాగున్నాయనుకున్నవన్నీ బాగున్నాయో లేదో, ఇక ఆవిడకి తెలిసే దారి లేదు.

పని ఆగిపోయింది. స్టూలు మీద ఉతికిన బట్టలు పేరుకున్నాయి. మూతలు పెట్టని ట్యూబులు కొసన ఎండిపోయాయి. ఫ్రేముల షాపాయన వచ్చి కబురడిగి పోయేవాడు. కిటికీ దగ్గర కుర్చీని వదిన అవతలికి తిప్పేసుకుంది, ఆ గోడ కనబడకుండా.

నాకు ఓపిక తక్కువ. ఒకరోజు చేతిలో కుట్టు పక్కన పడేసి వెళ్ళి, తప్పు రంగులోనే కదా ఉంది, దిద్ది పారెయ్ అన్నాను. బొమ్మ సరైపోతే కోపమూ పోతుందని నా లెక్క. ఆవిడ నా వంక చూసింది.

"ఏ రంగుతో దిద్దను? మీ అన్నయ్య రంగు సరిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టం లేక జాకెట్టు చెయ్యి పైకి లాగి ముంజెయ్యి ముందుకు చాపాను. అన్నయ్యా నేనూ ఒకే తానులో ముక్కలమని మా అమ్మ అనేది. రంగులో వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు.

వదిన నా చెయ్యి కిటికీ దగ్గరికి లాక్కుంది. గోధుమరంగు పిండింది, ఎరుపు, పసుపు, చుక్క తెలుపు. కలపడం, నా చేతి మీద చుక్క పెట్టడం, తుడవడం, మళ్ళీ కలపడం. వంట సంగతి ఇద్దరం మర్చిపోయాం. చివరికి పెట్టిన చుక్క ఎక్కడుందో కనబడలేదు. తడిమితే గాని తెలియలేదు. దారాలతో ఇంత సరిగ్గా నేనెప్పుడూ కలపలేదు, ఒప్పుకుంటున్నాను.

బొమ్మని గోడ మీంచి దింపి మొహానికి వెయ్యడం మొదలుపెట్టింది. ముందు ఒక చెంప. నీలం మధ్య అది మాసిక వేసినట్టుంది. పూర్తయితే కలిసిపోతుందిలే అన్నాను. నుదురు, రెండో చెంప, గడ్డం. కళ్ళూ నోరూ ముట్టుకోలేదు. ఇద్దరం వెనక్కి జరిగి చూశాం.

రంగు అచ్చంగా కుదిరింది. మనిషి పోయాడు. ఆ కుర్చీలో ఎవరో కూర్చున్నారు, మా బంధువుల్లో ఒకాయన అనుకోవచ్చు. పలకరిస్తే మర్యాదగా నవ్వేలా ఉన్నాడు. వెతికి వెతికి చూశాను. మా అన్నయ్య మాత్రం కాదు.

వదిన గుడ్డకి టర్పెంటైన్ అద్ది తడి రంగుని తుడవసాగింది. కింద రంగు ఎప్పుడో ఎండింది కాబట్టి దానికేమీ కాలేదు. గడ్డం, చెంపలు, నుదురు. గుడ్డ తీసేసరికి ఆయన తిరిగొచ్చాడు, నీలంగా, తప్పు ఎక్కడుందా అని చూసే ఆ చూపుతో. నా నోట్లోంచి "అన్నయ్యా" అని వచ్చేసింది.

వదిన గుడ్డ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోంది గాని మొహం వెలిగిపోతోంది.

"రంగు గురించి నేనడగలేదు కదా" అంది. "ఇది మీరేనా అని అడిగాను. దానికే జవాబు చెప్పారు."

బొమ్మని మేకుకి తగిలించి వచ్చేసరికి పలక మీద ఆ రంగు బోలెడంత మిగిలి ఉంది. దాన్ని పారెయ్యదు కదా. పైగా అది పిల్లికి పనికిరాదు. మిషను ఇక్కడికి పట్రా అంది. కుట్టాల్సినవి కుప్పగా ఉన్నాయని మొత్తుకున్నాను. ఇక్కడే కూర్చుని కుట్టు, ఎవరొద్దన్నారు అంది. నన్ను వెయ్యడం అదే మొదటిసారి. అట్టముక్క మీద కాదు, మంచి కాన్వాసు మీదే వేసింది. మర్నాడూ ఆ మర్నాడూ రంగు ఆరిపోకుండా పలక పైన తడిగుడ్డ కప్పుతూ, మెడ నొప్పెడుతోందంటే కసురుతూ.

పూర్తయిన సాయంత్రం స్టూలు మీది బట్టలన్నీ నా ఒళ్ళో పడేసి, బొమ్మని దాని మీదకెక్కించి, అన్నయ్య గోడ వైపు తిప్పింది. నాకు చూపించనైనా లేదు.

పొద్దున్నే వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే చొక్కా తొడుక్కుని కుంచె పట్టుకుని ఉంది. మొహం మాడ్చుకుని ఉంది. ఏమన్నాడు అని అడిగాను.

"చెయ్యి పొట్టిగా ఉందన్నారు" అని, కుంచె రంగులో ముంచింది.