వంతెన మీది మనిషిని తుడిచేశాను

2023, నవంబరు వానలు. పుదుచ్చేరిలో మాది పాత చిత్రాలను బాగుచేసే కొట్టు. గోడల చెమ్మకు చిత్రాలతో పాటు నాకూ బూజు పట్టేలా ఉంది. మూలకుళం నుంచి సరోజమ్మగారు ఒక ఆయిల్ పెయింటింగ్ తెచ్చారు. పోయిన తన అన్నగారు వేసిందట. నది, ఇనప వంతెన, అవతలి గట్టున పొగమంచు. వంతెన నడుమ గొడుగుతో వేలెడంత మనిషి.

"మా అన్నే అది. ఫోటో ఒకటీ మిగల్లేదు తంబీ, ఇదే ఉండేది. పసుపు పోవాల, మనిషి పోకూడదు."

పసుపంటే పాతబడిన వార్నిష్, రంగుల మీద పూసే పూత. దాన్ని సాల్వెంట్‌తో కరిగిస్తాం. ముందు కాస్త చోట దూదితో తుడిచి, రంగు ఊడుతుందేమో చూడాలి. అదే సాల్వెంట్ టెస్ట్. ఆకాశం మూల చూశాను, భేషుగ్గా ఉంది. ఇరవయ్యేళ్ల అనుభవానికి మిగతా బొమ్మంతా దండం పెడుతుందనుకున్నాను.

వంతెన మీద దూది ఒక్కసారి దొర్లించాను. మనిషి దూదికి వచ్చేశాడు, గొడుగుతో సహా.

నా గుండె తేంగాయితిట్టు రేవులో పడవ ఇంజన్‌లా కొట్టుకుని, ఠక్కున ఆగింది. బొమ్మకు ముందే తీసిన ఫోటోలో ట్యూబ్‌లైటు మెరుపు సరిగ్గా ఆయన మీదే పడింది. నేనే గీసేద్దామని బ్రష్షు పట్టాను. గొడుగు ఏ చేతిలో ఉండింది? గుర్తు రాలేదు, దించేశాను. మూడు రోజులు మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, బల్ల కింద దేనికోసమో వెతికాను.

నాలుగో రోజు ఆవిడే వచ్చారు.

"ఏంది తంబీ, మా అన్న యాడ?"

"నేనే తుడిచేశాను పెద్దమ్మా." డబ్బాలో దాచిన దూది చూపించాను.

ఆవిడ దూదిని వెలుతురుకెత్తి చూశారు.

"వాడు వేసింది వంతెనే. వాడు పోయినాక, ఖాళీ వంతెన చూడలేక భయమేసి వాడిని నేనే నిలబెట్టినాను, కూతురి స్కూలు రంగులతో."

వార్నిష్ పైన వేసిన రంగు! పూతతో పాటే ఊడింది.

"ముందే చెప్పకూడదా పెద్దమ్మా?"

"నువ్వు అడిగినావా? ఇన్నేండ్లు నడిమధ్యలో ఉంచేసినాను పాపం. ఆ బ్రష్షు ఇయ్యి."

ఆవిడ ఈవలి గట్టు దగ్గర, వంతెన దిగుతున్నట్టు ఒక మనిషిని గీశారు.

"గొడుగో?"

"ఇంటికొచ్చేసినాడు, గొడుగెందుకురా!"

అప్పట్నుంచి ప్రతి రంగుకూ విడిగా టెస్ట్ చేస్తున్నాను. వంతెన బొమ్మ వస్తే, దాని మీద మనుషులను ఎవరు ఎక్కించారో అడిగాకే దూది ముట్టుకుంటాను. సరోజమ్మగారి రంగు బాగా ఆరాక వార్నిష్ పూశాను, ఈసారి ఆయన మీదుగా.