కొత్త రిమ్ములు తెచ్చిన గండం

మా పాపకు మూడో నెల. మదనపల్లె నుంచి కుప్పంలోని పుట్టింటికి కారులో బయలుదేరాం. రెండు రోజుల క్రితమే మా ఆయన సోకుగా ఉంటాయని వెడల్పాటి కొత్త రిమ్ములు వేయించారు. దారిలో చక్రం దగ్గర గరగరమంటోందని చెబితే, "కొత్తవి గదా, సర్దుకుంటాయిలే" అన్నారు.

పుంగనూరు దాటాక మలుపులో ముందు టైరు ఢామ్మని పేలింది. కారు ఎదురుగా వస్తున్న బస్సు వైపు లాగేసింది. పాపను గుండెకు అదుముకుని కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి కారు బస్సును తప్పించుకుని రోడ్డు పక్కనున్న చేలో ఆగి ఉంది. పాపలో చలనం లేదు. బుగ్గలు తట్టాను. రెండోసారి తట్టాక కెవ్వుమని ఏడ్చింది.

పరుగున వచ్చిన బస్సు డ్రైవర్ చక్రం కింద చెయ్యి పెట్టి చూశాడు. "రిమ్ము లోపలికి ఎక్కువ పోయిండాదప్పా. షాకబ్జర్‌కి ఒరుసుకొని టైరు కోసుకపోయింది. బయట సోకొకటే సూస్తే ఎట్ల? లోపల సందెంతుండాదో కొలవాల గదా!"

వేలెడు సందు కొలవనందుకు ఆ రోజు ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.