ఇంజిను బోల్టులతో ఉల్లిపాయ పకోడీలు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. తిమింగలాన్ని పట్టుకొచ్చానంటే మా ఆవిడ చిన్న మూకుడే పొయ్యి మీద పెడుతుంది. సంచిలో ఉన్నవి పావుకిలో రొయ్యలని ఆవిడకు తెలుసు. మీరు కూడా బందరు కూరల బజారులో ధర విన్నట్టే, నేను చెప్పినదాంట్లో సగం కొట్టేసి వినండి.

మా అక్క మొగుడికి నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులున్నాయి. వాళ్ల నాన్నగారి మోటారు సైకిలు ఆయన పోయిన దగ్గర్నుంచీ చెరువు గట్టు మీది షెడ్డులో గోనెసంచులు కప్పుకుని పడుంది. ఇంగ్లీషు దొరల సీమ నుంచి ఓడలో దిగిన బండి. అది కాలువ వంతెన ఎక్కితే కొల్లేరులో కొంగలు లేచేవి. ఆ చప్పుడు విన్నాకే మా అత్తయ్య, అంటే బావ వాళ్లమ్మ, మరిగే ఎసట్లో బియ్యం పోసేదట.

"ఈసారి నాన్న సంవత్సరీకం నాటికి అమ్మకి ఆ చప్పుడు వినిపించాలిరా. గుడివాడ నుంచి మెకానిక్కుని పిలుస్తాను" అన్నాడు బావ.

"నేను లేనా?" అన్నాను. అప్పటికి ఫోనులో ఇంజిన్లు విప్పే వీడియోలు లక్షా పదహారు చూసి ఉన్నాను.

ఆదివారం ఆదివారం బందరు నుంచి బస్సెక్కి వెళ్లేవాణ్ణి. ఇంజిను విప్పిన రోజు బావ ఒక అట్టముక్క తెచ్చి, మీద ఇంజిను పక్కమూత బొమ్మ గీశాడు. "ఏ కన్నంలో బోల్టుని ఆ కన్నం దగ్గరే గుచ్చరా. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కలిస్తే మన పని అంతే" అన్నాడు. బుద్ధిగా గుచ్చాను. దివిసీమ ఉప్పుగాలికి అవి తుప్పెక్కి, కాల్చిన వంకాయ తొడిమల్లా ఉన్నాయి.

ఆ పక్కనే చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల బోల్టుల డబ్బా ఉంది. స్టీలువి. పెళ్లికొడుకు ఉంగరాల్లా మెరుస్తున్నాయి. మూత మళ్లీ బిగించాల్సిన ఆదివారం బావ రొయ్యలకి మేత చల్లించడానికి వెళ్లాడు. ఇంత గొప్ప బండికి ఆ తుప్పుముక్కలేమిటని, పొడుగుకి పొడుగు, లావుకి లావు చూసుకుని మెరిసేవి ఏరాను. సరిగ్గా అప్పుడే గట్టు మీద మైకు కూసింది: "పాత ఇనప సామాన్లకు ఉల్లిపాయలమ్మా!" చిల్లుబకెట్టుతో పాటు పాత బోల్టులన్నీ ఆ బండివాడి తక్కెడలో పోశాను. అక్క ఆ ఉల్లిపాయలతో పకోడీలు వేసింది. బావే ఎక్కువ తిన్నాడు. "కరకరలాడుతున్నాయే!" అని మెచ్చుకున్నాడు కూడా.

తిని, చేతులు తుడుచుకుని, మూత బిగించడం మొదలుపెట్టాను. ప్రతి బోల్టూ రెండు చుట్లు హాయిగా తిరిగి మొరాయించింది. కొత్తది కదా, బిగువుంటుందనుకుని రెంచీకి పైపు తొడిగి, హంసలదీవి సముద్రాన్ని వెనక్కి నెట్టేంత బలం వేశాను. కిర్రుమంది. తర్వాత వెన్నలో వేలు పెట్టినట్టు దిగిపోయింది. మిగతావీ అంతే. బోల్టుతో పాటు ఇంజిను కన్నాల లోపలి మర గాట్లు మెరిసే పొట్టులా రాలాయి.

బావ వచ్చి ఒక బోల్టు వేలితో కదిపాడు. వదులు పన్నులా ఊగింది.

"చేత్తో ఎక్కనిది రెంచీతో ఎక్కుతుందట్రా? ఇది అంగుళాల కాలం బండి. నీ బోల్టులు మిల్లీమీటర్లవి. చూపుకి ఒకటే, మర వేరు." అట్టముక్క తిప్పి చూశాడు. కన్నాలే ఉన్నాయి. "పాతవేవిరా?"

అక్క పకోడీల పళ్లెం వైపు చూసింది. నేనూ అటే చూశాను.

పామర్రు మీదుగా గుడివాడ దాకా వెళ్లి, పాత ఇనుము కొట్లలో హిమాలయాలంత గుట్టలు తవ్వాం. అవి దొరకలేదు. దొరికినా ఏం లాభం, ఇంజిను గోడకి మళ్లీ మరలు కోయించాలి. అందాకా పోసిన ఆయిలు పోసినట్టే కారిపోతుంది. సంవత్సరీకం రానే వచ్చింది. అత్తయ్య పొయ్యి మీద ఎసరు పెట్టి, గుమ్మం వైపు చెవి పెట్టుకుని కూర్చుంది. ఎసరు మరిగింది. కాసిని నీళ్లు చేర్చింది. మళ్లీ మరిగింది.

"బియ్యం పోసెయ్యనా నాయనా?" అని అడిగింది చివరికి. "పొయ్యమ్మా" అన్నాడు బావ. నా భుజం తట్టి, పగలబడి నవ్వి, "మా నాన్న బండిని పకోడీలేసి తినిపించావు కదరా!" అన్నాడు.

బందరులో ఈ కథ ఎక్కడ చెప్పినా జనం ఇక్కడే పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

కొంగలూ, సముద్రం, హిమాలయాలూ నేను ఉబ్బించినవి. మీరు సగం కొట్టేసుకున్నా పోయేదేం లేదు. కానీ మొత్తంగా పుట్టించింది ఒక్కటే. బావ నవ్వలేదు. నా భుజం తట్టలేదు. ఆ మాటా అనలేదు. "పొయ్యమ్మా" అని షెడ్డులోకి వెళ్లి, బండి మీద గోనెసంచులు ఒక్కొక్కటే కప్పి, అంచులు సర్దాడు. సాయం పట్టబోతే, "నువ్వు భోజనానికి పద" అన్నాడు. వెళ్లి తిన్నాను. అన్నం మెత్తగా ఉడికిపోయింది.